ఎడమ ఒకటి, కుడి రెండు

దయ్యాలున్నాయని నేను నమ్మను. ఈ కాగితం మీద ఇది రాస్తున్నప్పుడు కూడా నమ్మడం లేదు. ఎవరైనా ఇలాంటి సంగతి చెప్పడం మొదలుపెడితే, ఆ ముందురోజు సరిగా నిద్రపోయారా, కడుపునిండా తిన్నారా అని అడిగే అలవాటు నాది. ఆ అలవాటు వల్ల ఒకరిద్దరు నాతో మాట్లాడటం మానేశారు కూడా.

అందుకని నేను చూసింది, విన్నది మాత్రమే రాస్తాను. అంతా పగటిపూట జరిగింది. జరిగిన ప్రతిసారీ గదిలో నాతోపాటు మరో మనిషి ఉన్నారు.

మా ఊరు కట్టంగూరుకు మూడు మైళ్లు. నేతపని చేసే సాలోళ్ల వాడలో మాది గూనపెంకుల ఇల్లు. నడుమ చిన్న వాకిలి, చుట్టూ మట్టిగోడల అర్రలు, రెండు టేకు స్తంభాలు. వీధి వైపు అర్రలో మగ్గం ఉండేది. నేలలో నడుము లోతు గుంట తవ్వి, దాని అంచున కూర్చుని, కాళ్లు లోపలికి వదిలి, అడుగునున్న రెండు చెక్కలను ఒకదాని తర్వాత ఒకటి తొక్కుతూ నేస్తారు. గుంట మగ్గమంటే అది. ఆ అర్రకు ఉన్నది ఒక్కటే కిటికీ. మగ్గానికి వెలుతురు కావాలి కాబట్టి గుంటను దాని పక్కనే తవ్వారు.

అమ్మ, నాయిన నా చిన్నతనంలోనే పోయారు. నన్ను పెంచింది మా అన్న లింగయ్య. నాకంటే పన్నెండేళ్లు పెద్ద. నాకు తొమ్మిదేళ్లప్పుడు మా వదినె సత్తెమ్మ ఈ ఇంటికి వచ్చింది. వాళ్లకు పిల్లలు కలగలేదు. ఇంట్లో ఉన్న పిల్లవాణ్ణి నేనే.

అన్న నన్ను మగ్గం గుంటలో దిగనిచ్చేవాడు కాదు. ఒకసారి సరదాకు కాళ్లు వదిలి కూర్చుంటే చెవి పట్టి లేపాడు. "ఇండ్ల కాలువెట్టినవంటే చూడు. నీ జాగ బడిల ఉంది" అన్నాడు. అయితే చదువుకోవడానికి నాకూ ఆ కిటికీ వెలుతురే దిక్కు. అందుకని అన్న నేస్తుంటే, రెండు మూరల దూరంలో గోడకు ఆనుకుని నేను చదువుకునేవాణ్ణి. ఎనిమిదేళ్లు అలా గడిచాయి.

మా వాడలో ముప్పై మగ్గాలుండేవి. ఎవరి మగ్గం చప్పుడు చూసినా ఎడమ, కుడి, ఎడమ, కుడి. మా అన్నది అలా ఉండదు. ఎడమ కాలు ఒకసారి, కుడి కాలు రెండుసార్లు. ఆ రెండింటిలో మొదటిది చాలా మెత్తగా, రెండోది గట్టిగా. వీధిలో పోయేవాళ్లు ఆ చప్పుడు విని "లింగయ్య ఇంట్లనే ఉన్నడు" అనుకునేవాళ్లు. ఎందుకలా తొక్కుతావని అడిగాను. చిన్నప్పుడు బండిచక్రం కింద పడి కుడికాలి బొటనవేలు చితికింది, ఒక్కసారికి బలం చాలదు అన్నాడు. వేలు వంకరగా ఉండటం నేనూ చూశాను. మళ్లీ అడగలేదు.

నేను నల్లగొండలో చదువు ముగించి కట్టంగూరు బడిలో పంతులునయ్యాను. పెళ్లయింది. నా భార్య అండాలు కూడా సాలోళ్ల పిల్లే. నలుగురం ఒకే ఇంట్లో ఉండేవాళ్లం. ఆ తర్వాత ఒక వానాకాలం అన్నకు జ్వరం వచ్చింది. నల్లగొండ దవాఖానలో తొమ్మిది రోజులు ఉన్నాడు. పదో రోజు మేము ముగ్గురమే తిరిగి వచ్చాం.

మగ్గం మీద సగం దాటిన చీర ఉంది. ముదురు ఎరుపు, చిలకపచ్చ అంచు. వదినె ప్రతిరోజూ పొద్దున దాని మీద కప్పిన దుప్పటి తీసి, దుమ్ము దులిపి, మళ్లీ కప్పేది. ఏడవటం నేను చూడలేదు. మాట మాత్రం తగ్గిపోయింది.

నెల మాసికం నాడు వదినె అన్న ఆశప్ప మక్తల్ నుంచి వచ్చాడు. వాళ్లది ఆ దిక్కు, కన్నడం మాట కలిసే చోటు. వచ్చింది చెల్లెల్ని తీసుకుపోవడానికి.

"బావ లేని ఇంట్ల నువ్వేం జేస్తవే? ఎవల మీద పడి తింటవు? నడువు, పోదాం."

"ఎండకాలం దాక చూద్దాం తియ్యన్నా" అంది వదినె.

పోతాననలేదు, ఉంటాననలేదు. అన్న పోయినాక ఈ ఇంట్లో నా చిన్నతనం తెలిసిన మనిషి ఆమె ఒక్కతే. ఆమె మక్తల్ వెళ్తే మళ్లీ రాదు. ఆమెను ఎలాగైనా ఉంచుకోవాలి. కానీ "ఉండు" అని అడిగే చొరవ మా ఇంట్లో ఎవరికీ లేదు. మేము మనసులో మాట పైకి చెప్పుకునేవాళ్లం కాదు.

నేను వేరే దారి వెతికాను. ఆ మగ్గం కళ్ల ముందు ఉన్నంతకాలం ఆమె మనసు కుదుటపడదు, ఆ అర్రను మార్చేస్తే ఉండిపోతుంది అనుకున్నాను. ఆమె కోసం అనుకున్నాను గానీ, ఆ గుంటను చూడలేకపోయింది నేనే. ఆమెను ఒక్క మాట అడగలేదు.

మా బడిలో డ్రాయింగ్ మాస్టారు కామేశ్వరరావు గారని ఉండేవారు. రాష్ట్రం ఒకటయ్యాక కోస్తా నుంచి బదిలీ మీద వచ్చారు. కొత్త పద్ధతి ఇళ్ల లోపలి అమరిక అంటే ఆయనకు పిచ్చి. మద్రాసు నుంచి వచ్చే పత్రికల్లో బొమ్మలు కత్తిరించి ఫైలులో దాచుకునేవారు. మా అర్ర చూసి సంబరపడిపోయారు.

"ఈ స్తంభాలు తీయకండి మాస్టారూ. పాలిష్ పెట్టి అలాగే ఉంచుదాం. గోడలో గూళ్లున్నాయి చూడండి, వాటికి అద్దాల తలుపులు పెడితే పుస్తకాల బీరువాలైపోతాయి. పాతదాన్ని కొత్తదానిలోకి తీసుకురావడమే నేర్పు. ఈ గుంట మాత్రం పూడ్చేయాలి."

పటం గీసి ఇచ్చారు. ఎర్ర సిమెంటు నేల, లేత ఆకుపచ్చ గోడలు, పైన దూలాలు కనపడకుండా తెల్లటి పలకల కప్పు, కిటికీకి వెడల్పాటి రెక్కలు, వెదురు అల్లిక సోఫా. కిటికీ పక్కన, వెలుతురు బాగా పడేచోట, చేతులున్న టేకు కుర్చీ ఒకటి. అది సరిగ్గా గుంట ఉన్న చోటే. మగ్గానికి ఎందుకు ఆ చోటు కావలసి వచ్చిందో కుర్చీకీ అందుకే.

కట్టంగూరు నుంచి మహబూబ్ మేస్త్రి వచ్చాడు. గుంటలోకి తొంగిచూసి, "సార్, గిది గుంట కాదు, బావి లెక్కుంది. దీనికెంత మట్టి వడ్తదో అల్లాకే ఎరుక" అన్నాడు. సోమవారం పని మొదలన్నాడు.

ముందుగా మగ్గం విప్పాలి. పక్కింటి కిష్టయ్య తాత కర్ర పొడుచుకుంటూ వచ్చి గడపలో నిలబడ్డాడు. అరవై ఏళ్లు నేసిన మనిషి, చూపు మందగించి మానేశాడు.

"నూలుండంగ మగ్గం ఇప్పద్దు బిడ్డా. నేపిచ్చి దించు."

"ఎవరు నేస్తరు తాతా? అందరికి పెండ్లిళ్ల పని ఉన్నదాయె. నువ్వు నేస్తవా?"

"నాకు కండ్లుంటే నిన్నెందుకు అడుగుత? నీకు మస్తు సదువచ్చు గని, సాలోని ఇంట్ల పుట్టి ఇది తెల్వకపాయె."

ఆయన చెప్పినదాంట్లో నాకు తెలియనిది లేదు. మావాళ్లు మగ్గాన్ని ఖాళీగా ఉంచరు. ఒక పడుగు, అంటే మగ్గం మీది నిలువు పోగుల వరుస, అయిపోతే దాని కొసలు మగ్గంలోనే ఉంచి, కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా వాటికి ముడివేసి అతుకుతారు. అది ఆడవాళ్ల పని. వేళ్లకు బూడిద రాసుకుని, రెండు పోగులు కలిపి మెలివేస్తారు. అలా ఒకదానికొకటి అతుకుతూ పోతుంటే, మా తాత నాటి నుంచి ఆ మగ్గం మీద పోగు తెగలేదని అన్న అంటుండేవాడు. అది ఒక మాట మాత్రమే అనుకున్నాను.

ఆదివారం మధ్యాహ్నం కత్తెర తీసుకుని, నేసిన బట్టకు బెత్తెడు అవతల పడుగును అడ్డంగా కోశాను. అనుకున్నంత తేలిగ్గా తెగలేదు. వదినె వాకిట్లో బియ్యం చెరుగుతోంది. కత్తెర చప్పుడు మొదలైనప్పుడు చేట ఆగింది. నేను ముగించేదాకా మళ్లీ కదలలేదు.

నూలు ఇచ్చేది సావుకారు కాబట్టి, నేసిన ముక్క, మిగిలిన పడుగు రెండూ మూటగట్టి ఆయనకు పంపాను. మూడోనాడు మూట తిరిగి వచ్చింది. "ఈ రంగు నేనెన్నడు ఇయ్యలే పంతులూ, ఇది నా నూలు కాదు" అని చెప్పి పంపాడు. ఆయన గుమాస్తా పొరపాటు పడి ఉంటాడనుకున్నాను. వదినె మూట అందుకుంది.

"ఎవరిది వదినె మరి?"

"ఎవలిదో ఉంటది తియ్యి తమ్మీ" అని లోపలి అర్రలో పెట్టుకుంది.

గుంట పూడ్చడం నేను దగ్గరుండి చూశాను. మొరం పోసి, నీళ్లు చల్లి, దిమ్మిసతో పొరపొరగా కొట్టారు. పైన కంకర, దాని మీద సిమెంటు, ఎర్ర రంగు కలిపి నున్నగా మెరుగు. పదిహేను రోజులు నీళ్లు కట్టి ఉంచాం. తర్వాత వేళ్లతో కొట్టి చూశాను. ఎక్కడా డొల్ల లేదు, పగులు లేదు. తర్వాత జరిగినదానికి నేలను తప్పుపట్టడానికి వీల్లేదని ఇది రాస్తున్నాను.

గది నిజంగా బాగుంది. వాడంతా వచ్చి చూసింది. అండాలు మాత్రం నడుం మీద చెయ్యి పెట్టుకుని, "గీ అర్రలకు రావాలంటే నేను కాళ్లు కడుక్కోవాల్నా, చెప్పులు తొడుక్కోవాల్నా? మనకా ఇది, కలెక్టరుకా?" అంది. వదినె గడప ఇవతలే నిలబడి చూసింది. "మంచిగుంది తమ్మీ" అంది. పది రోజుల తర్వాత, ఎండాకాలం వచ్చింది కదా, ఆశప్పకు ఒక కార్డు రాయమని అడిగింది.

రాస్తానన్నాను. రాయలేదు. రేపు రేపంటూ జరుపుతున్నాను.

ఆ రోజుల్లోనే మలేరియా మందు కొట్టేవాళ్లు వచ్చారు. వాళ్ల ఇన్స్పెక్టరు కొత్తవాడు, మా ఊరు అంతకుముందు చూడలేదు. మనుషులు లోపలి అర్రల్లో మందు కొడుతుంటే, అతను కిటికీ పక్కన కుర్చీలో కూర్చున్నాడు. నేను సోఫాలో కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుకుంటున్నాను.

ఆ పేపర్లు ఎంతో తొందరగా సాగాయి. నాలుగైదు దిద్దాక, ఎందుకో మనసు తేలిగ్గా ఉందని గమనించాను. అన్న పోయాక అలా లేదు. ఆ తర్వాత, నాకు ఏదో చప్పుడు వినిపిస్తోందని తెలిసింది. ఇంకొంచెం సేపటికి అదేమిటో తెలిసింది.

అతని చెప్పులు. ఎడమ ఒకటి. కుడి రెండు, మొదటిది మెత్తగా.

తలెత్తాను. ఆగిపోయింది. అతను కిటికీలోంచి వీధిలోకి చూస్తున్నాడు.

"మీ కాళ్లు..." అన్నాను.

"ఏమండీ, ఏమైనా అంటుకుందా?" అని వంగి చెప్పులు చూసుకున్నాడు.

కూర్చున్నప్పుడు కాళ్లాడించడం చాలామందికి అలవాటు. అదే అనుకున్నాను. అయినా మరునాటి నుంచి ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లను గమనించడం మొదలుపెట్టాను. ఒక నోటుపుస్తకంలో ఎవరు, ఎప్పుడు, ఎంతసేపు, ఆ సమయంలో నేనేం చేస్తున్నాను, అన్నీ రాశాను. పోస్టుమాను, పాలామె తమ్ముడు, మా వాడ పెద్దమనుషులు ఇద్దరు. ఎదురుగా కూర్చుని వాళ్ల పాదాలే చూశాను. ఏమీ లేదు. కుర్చీని అవతలి గోడ దగ్గరకు జరిపి చూశాను. అక్కడా లేదు. ఇక మానేద్దామనుకున్న రోజు, బీడీలు కట్టించే కంట్రాక్టరు ఒకడు దారి అడగడానికి వచ్చి, కుర్చీలో కూర్చుని నీళ్లు అడిగాడు. అండాలు నీళ్లు తెచ్చేలోపు నేను చేతిలోని పుస్తకంలో పేజీ ముగిద్దామని తల వంచాను. మళ్లీ అదే. తలెత్తేసరికి లేదు.

డ్రాయింగ్ మాస్టారికి చెప్పాను. ఆయన నవ్వలేదు.

"మీరు ఆ చప్పుడు వింటూ పెరిగారు మాస్టారూ. ఏ చప్పుడైనా మీ చెవి దానిలాగే మలుచుకుంటుంది. మీ అన్నగారు మీ చెవిలో ఉన్నారు, నేలలో కాదు."

సరైన మాట. నేనే ఇంకొకరికి చెప్పాల్సి వస్తే అదే చెప్పేవాణ్ణి. రెండు వారాలు ఆ మాట మీద నిలబడ్డాను.

ఒక శనివారం పగలు మా హెడ్మాస్టరు సాబ్ వచ్చారు. హైదరాబాదులో పుట్టి పెరిగిన మనిషి. మగ్గం ఎలా ఉంటుందో చూసి ఉండరు. ఎప్పుడూ బూట్లు వేసుకునేవారు. పై ఆఫీసు నుంచి వచ్చిన నాలుగు పేజీల ఉత్తరం నా చేతికిచ్చి, "జర పూర్తిగ చదివి మీ సలహా చెప్పండి" అని కుర్చీలో కూర్చున్నారు.

రెండో పేజీలో ఉన్నాను. సిమెంటు నేల మీద బూట్ల చప్పుడు మొదలైంది. చెవి పొరపాటుకు చోటు లేనంత స్పష్టంగా. నేను తల ఎత్తలేదు. ఎత్తితే ఆగుతుందని అప్పటికి తెలుసు. చదువుతున్నట్టే ఉండి విన్నాను. ఎడమ ఒకటి, కుడి రెండు.

లోపలి గుమ్మం దగ్గర అలికిడైంది. వదినె. పరాయి మగవాళ్లుంటే ఆమె ఆ గుమ్మం దాకా ఎప్పుడూ రాదు. చేతులకు జొన్నపిండి ఉంది. వంటింట్లో రొట్టె చేస్తున్న మనిషి గోడ అవతల నుంచి ఆ చప్పుడు విని వచ్చింది. ఆమె నన్ను చూడలేదు, హెడ్మాస్టరు ముఖం చూడలేదు. ఆయన బూట్లను చూస్తోంది.

నోటుపుస్తకం గురించి నేను ఆమెకు చెప్పలేదు. అండాలుకూ చెప్పలేదు.

హెడ్మాస్టరు సాబ్ వెళ్లిపోయాక వదినె గదిలోకి వచ్చి, ఆ కొత్త నేల మీద మొదటిసారి కూర్చుంది. పిండి చేతులు ఒళ్లో పెట్టుకుంది.

"ఆ చీర సావుకారిది కాదు తమ్మీ."

"మరి?"

"నాది."

చేతుల పిండి నలుపుతూ చెప్పింది. "ఒకనాడు నవ్వులాటకన్న. ఊరందరికి చీరెలు నేస్తవు, నీ పెండ్లానికి మాత్రం సంతల కొన్నది కట్టిపిస్తవు అని. మీ అన్న ఏమనలే. రెండు నెలలైనంక నూలు కొనుక్కచ్చిండు. రంగు నేనే జెప్పిన."

"నేను కోస్తున్నప్పుడన్నా చెప్పకపోతివి వదినె."

"ఏమని జెప్పాలె? బొట్టు తీసిన మనిషిని. ఎర్ర చీర నాది, కొయ్యకు అని ఎట్లంటరు? వాడోళ్లు ఇంటే ఏమనుకుంటరు?" అంది. "అదొక్కటి మగ్గం దిగితే మనసు నిమ్మలమైతుండె. ఎవలన్న నేస్తరని చూసిన. ఇగ కోసినంక ఈడ ఏముంది నాకు?"

గడపలో నిలబడి అంతా విన్న అండాలు నా వైపు తిరిగింది. "పుస్తకాలన్ని సదివిండ్రు. ఇంట్ల ఉన్న మనిషిని ఒక్క మాట అడగ చేతకాలే?"

మహబూబ్ మేస్త్రిని మళ్లీ పిలిచాను. నున్నటి ఎర్ర నేలను చూసి అతను గడ్డం గోక్కున్నాడు. "సార్, మీరు పలక మీద రాసి తుడిపినట్టు నాతోని ఇల్లు కట్టిపిచ్చి తుడిపిస్తున్నరు. నాకు ఫికర్ లేదు, మీ మర్జీ. గని గిది నా చేత్తోని ఏసిన మాలు, పగులగొట్టుడు నాకే కష్టం" అన్నాడు. నిజంగానే కష్టమైంది. గుంట మేరకు సిమెంటు కోసి, మొరం తవ్వి తీయడానికి మూడు రోజులు పట్టింది.

మగ్గం మళ్లీ బిగించారు. కిష్టయ్య తాత పక్కన కూర్చుని చేతులతో తడుముతూ ఏది ఎక్కడో చెప్పాడు. తెగిన పోగులు అతకడం వదినె పని. నేసిన బట్టకు నేను వదిలిన బెత్తెడు కొసలకు, అవతలి పడుగును ఒక్కొక్క పోగే కలపాలి. రెండు వేలకు పైగా పోగులు. మూడు వేళ్లకు బూడిద రాసుకుని పొద్దున కూర్చుంటే పొద్దుగూకేదాకా లేచేది కాదు. అండాలు సాయం వస్తానంటే వద్దనలేదు. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని అతుకుతుంటే, చాలా నెలల తర్వాత వదినె దేనికో నవ్వడం వినిపించింది. దేనికో నేనడగలేదు.

"ఇప్పుడెవరు నేస్తరు?" అన్నాను, పోగులన్నీ కలిశాక.

"కోసినోడే నెయ్యాలె" అన్నాడు తాత.

వదినె కాదనలేదు. ఎండాకాలం సెలవులు. ముప్పై ఏళ్లు దగ్గరపడుతున్న వయసులో మొదటిసారి మా అన్న గుంటలో కాళ్లు పెట్టాను.

ఇలాంటివి రాసేవాళ్లు ఇక్కడ కాళ్లు వాటంతట అవే ఆడాయని రాస్తారు. నాకు అలాంటిదేమీ జరగలేదు. మొదటి రోజు పొద్దున నుంచి సాయంత్రం దాకా నాలుగు వేళ్ల వెడల్పు నేశాను. అందులో పోగు తెగనిచోటు లేదు. "గిది చీరనా, చేపల వలనా?" అని తాత తడిమి చూసి అడిగాడు. ఎవరూ నాకు సాయం రాలేదు. నడుము పట్టేసింది.

ఇంకొకటి కూడా ఉంది. కుడి చెక్క తొక్కినప్పుడల్లా దబ్బుమని మోగుతోంది. ఇల్లంతా అదిరేంత మోత. వంగి చూస్తే, ఆ చెక్క కింద గుంట అడుగున పరుపు బండ కొన ఒకటి పైకి పొడుచుకుని ఉంది. భూమిలోంచి వచ్చిన రాయి, తీయడానికి వచ్చేది కాదు. నా చిన్నతనమంతా ఆ మగ్గం పక్కనే గడిచింది. ఆ మోత విన్న గుర్తు నాకు లేదు.

"అన్న తొక్కితే ఇట్ల మోగకపోతుండె" అన్నాను.

వదినె నూలు కండెలు చుడుతోంది. తల ఎత్తలేదు.

"మోగుతుండె. నేను కాపురానికొచ్చిన కొత్తల మస్తు మోగుతుండె. నువ్వు ఆడ గోడకు కూసోని సదువుతుంటివి. మోత అయినప్పుడల్ల ఉలిక్కిపడి, సదివిన కాడికే మళ్ల వచ్చేటోనివి. ఆయన చూసిండు. అప్పటిసంది కుడిదాన్ని ముందుగాల మెల్లగ ఒకపాలి తొక్కి, చెక్క రాయికి ఆనినంక అప్పుడు గట్టిగ తొక్కేది."

"బొటనవేలు బాగలేకనని నాతోటి చెప్పిండు."

"నీ కోసమంటే నువ్వు ఆడికెల్లి లేచిపోదువని చెప్పలే. నువ్వు నల్లగొండల సదివేటప్పుడు గూడ అట్లనే తొక్కేది. కాలుకు అలవాటు పడ్డది."

ఆ రోజు మళ్లీ నేయలేదు.

సాయంత్రం నోటుపుస్తకం తీశాను. నా చేతిరాతే. ఏం రాశానో నాకు గుర్తే. అయినా వరుసగా చదివాను. ఎవరెవరి పాదాలను చూస్తూ కూర్చున్నానో, వాళ్లెవరూ కదల్లేదు. మలేరియా ఇన్స్పెక్టరు వచ్చినప్పుడు పేపర్లు చదువుతున్నాను. బీడీల కంట్రాక్టరు నీళ్ల కోసం ఎదురుచూసినప్పుడు పుస్తకంలో పేజీ ముగిస్తున్నాను. హెడ్మాస్టరు సాబ్ ఉత్తరం. నేను చదవడం ఆపినప్పుడల్లా చప్పుడు ఆగింది. ఆ మూడుసార్లు తప్ప, ఆ కుర్చీలో మనిషి ఉండగా నేను చదివింది లేదు.

ఆ పుస్తకం రాసేటప్పుడు రాయి సంగతి నాకు తెలియదు. వదినెకు నోటుపుస్తకం సంగతి తెలియదు.

చీర నేయడానికి నాకు నలభై రోజులు పట్టింది. చివరి రోజు తాత చెప్పినట్టు, పడుగు కొసలు మగ్గంలోనే ఉంచి బట్ట దించాను. ఈసారి కత్తెర వదినె చేతికిచ్చాను. మగ్గాన్ని తాత మనవడింటికి ఇచ్చాం. ఆ కొసలకు వాళ్ల పడుగు అతికారు. మా గుంట మీదికి డ్రాయింగ్ మాస్టారు టేకు పలకల మూత చేయించారు. ఎర్ర నేలలో ఆ పలకలు చూసి కొత్తవాళ్లు అదొక కొత్త ఫ్యాషన్ అనుకుంటారు. కుర్చీ మళ్లీ దాని మీదే వేశాం.

ఆశప్పకు కార్డు రాయమని వదినె మళ్లీ అడగలేదు. ఒకరోజు నేనే అడిగాను, రాయనా అని. "ఏమని రాస్తవు? మంచిగున్నమని రాయి" అంది.

ఆమె పోయి మొన్న మాఘమాసానికి ఏడాది అయింది. చీర ఒక్కసారి కూడా కట్టుకోలేదు. అద్దాల తలుపుల గూట్లో నా పుస్తకాల పక్కన మడతపెట్టి ఉంచేది. పోయిన రోజు పుట్టింటివాళ్లు తెచ్చిన తెల్లబట్ట మీద అండాలు ఆ ఎర్ర చీర తీసుకొచ్చి కప్పింది. వాకిట్లో ఎవరో గొణిగారు. "ఆమె మొగడు నేసింది ఆమెకు గాకుంటే ఎవలికి కప్పుతరు?" అని అండాలు అడిగింది. చీరలో సగానికి పైగా సాఫుగా, మిగిలింది వంకరగా, నడుమ అడ్డంగా ముడుల వరుస కనిపించింది.

చీర మగ్గం మీంచి దించిన రోజు నుంచి ఆ కుర్చీలో ఎవరి కాళ్లూ కదలలేదు. మలేరియా ఇన్స్పెక్టరు మరో రెండుసార్లు వచ్చాడు. హెడ్మాస్టరు సాబ్ బదిలీ అయ్యేదాకా వస్తూనే ఉన్నారు. వాళ్లను ఆ కుర్చీలోనే కూర్చోబెట్టి, ఎదురుగా నేను చదువుతూ కూర్చున్నాను. చూడటానికి కాదు, నిజంగానే చదివాను.

డ్రాయింగ్ మాస్టారు చెప్పిన కారణం ఇప్పటికీ కాదనలేను. కానీ గోడ అవతల రొట్టె చేస్తున్న మనిషి చేతులకు పిండితో ఎందుకు లేచి వచ్చిందో అందులో లేదు. ముగ్గురు పరాయివాళ్లు తమకు తెలియకుండా ఒక రాయి మోతను ఎందుకు దాచబోయారో కూడా లేదు. నాకు తెలియదు.

ఇప్పుడు ఆ గదిలో ఎంతసేపు చదువుకున్నా నిశ్శబ్దంగానే ఉంటుంది. అప్పుడప్పుడు చదివిన చోటికే మళ్లీ వస్తుంటాను.